పొడుగోడికి మధ్యలో చోటు

ఇరవై ఏడేళ్ళకే ఒక ఉద్యోగం నుంచి రిటైరయ్యానంటే మీరు నవ్వుతారు. అయినా ఆ మాటే వాడతాను. డ్రెస్డెన్‌లో మాస్టర్స్ చదివేటప్పుడు మొదలుపెట్టి, కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేరాక కూడా శనివారాల కోసం అట్టిపెట్టుకున్న పని అది. ఊళ్ళో నాలుగు జట్లతో నడిచే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌కు నేను గుమాస్తాను. మైదానం బుక్ చేయడం, తాళంచెవి దగ్గర పెట్టుకోవడం, గీతలు గీయించడం, కొత్త ఆటగాళ్ళ జాబితా తయారుచేయడం, ఆటరోజున ఎవరు ఎక్కడ ఆడుతున్నారో రాయడం. కొత్తగా వచ్చిన జూనియర్లు నన్ను స్టూడెంట్ ఉద్యోగాల గురించి అడుగుతుంటారు: ఏ ల్యాబ్ మంచిది, ఏ ప్రొఫెసర్ మెయిల్‌కి జవాబిస్తాడు అని. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈ ఉద్యోగం గురించి చెప్పగలిగేవాణ్ణి మాత్రం మన తెలుగువాళ్ళలో నేనొక్కణ్ణే అనుకుంటాను.

ముందు ఆట ఏమిటో చెప్పాలి. కోడిగుడ్డు ఆకారపు బంతి. కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్ది అందించవచ్చు, విసరకూడదు. ఎవరైనా తన్నిన బంతిని నేల తాకకముందే ఒడిసిపట్టుకుంటే ఎదుటివాళ్ళు ఆగిపోవాలి. పట్టినవాడు తీరిగ్గా గురిచూసి తన్నుకోవచ్చు. ఆస్ట్రేలియాలో ఒక్కో జట్టుకు పద్దెనిమిది మంది, క్రికెట్ మైదానమంత చోటు. మాకు దొరికేది ఎల్బె నది ఒడ్డున ఒక రగ్బీ మైదానం. అందుకని తొమ్మిదేసి మంది. మైదానాన్ని అడ్డంగా మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఒక్కో జట్టు నుంచి ముగ్గుర్ని పెడతాం. ముందు ముగ్గురు, మధ్య ముగ్గురు, వెనక ముగ్గురు. ఎవరి ముక్క దాటి వాళ్ళు పోకూడదు. పోతే నేను పసుపు జెండా ఎత్తాలి, బంతి ఎదుటి జట్టుకు ఇచ్చేస్తారు.

మధ్యలో ఆడేవాళ్ళను మిడ్‌లు అంటాం. బంతి కోసం కొట్లాడి, సంపాదించి, ముందుకు పంపేది వాళ్ళు. గోల్ దగ్గర నిలబడి పైనుంచి వచ్చే బంతిని అందుకునేది పొడుగువాళ్ళు. అక్కడ ఆస్ట్రేలియాలో పెద్ద క్లబ్బులు కూడా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తలలు పట్టుకుంటాయట: మిడ్‌ను తీసుకోవాలా, పొడుగువాణ్ణి తీసుకోవాలా? మా ఊళ్ళోనూ అదే. ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం, క్లబ్ గదిలో, రూబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన కేకు ముందు పెట్టుకుని మా డ్రాఫ్ట్ జరిగేది. కిందటేడు ఆఖరున నిలిచిన జట్టుకు మొదటి ఎంపిక. కోచ్‌లు వంతులవారీగా నా జాబితాలోంచి ఒక్కొక్కరినీ పిలుచుకునేవారు.

ఎర్ర జట్టు కోచ్ స్కూల్లో ఫిజిక్స్ చెప్పే జర్మన్ మాస్టారు. యాభై దాటిన మనిషి, పొట్టి, కాస్త బొద్దు. "పరుగు నేర్పుకోవచ్చు. పొడుగు ఎక్కడ నేర్పాలి?" అని ప్రతి ఏడూ అనేవాడు. దొరికిన పొడుగువాళ్ళనందరినీ ఏరుకునేవాడు. ప్రతి ఏడూ ఆఖరున నిలిచేవాడు. నీలం జట్టు కోచ్ ఆస్ట్రేలియా ఆవిడ, ఇక్కడి పరిశోధనాలయంలో లోహాల మీద పనిచేస్తుంది. ఆవిడది ఎదురు లెక్క. పొడుగువాడికి ఒళ్ళు స్వాధీనం కావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. మా దగ్గరికి వచ్చే విద్యార్థులు రెండేళ్ళుండి మ్యూనిక్‌కో స్టుట్‌గార్ట్‌కో ఉద్యోగాలకు పోతారు. "వాడు పండే సమయానికి చెట్టే వేరే ఊళ్ళో ఉంటుంది" అనేది. అందుకని ఆవిడ పొడుగువాళ్ళ వైపు చూసేది కాదు. అన్నీ మిడ్‌లే. మిగతా రెండు జట్ల సంగతి ఇక్కడ అక్కర్లేదు.

ఇప్పుడు మావాడి గురించి. మేం నలుగురం ఒక ఫ్లాట్ పంచుకునేవాళ్ళం. ఒక ఏడు అక్టోబర్‌లో నాలుగో గదిలోకి జగిత్యాల వైపు నుంచి ఒక కుర్రాడు దిగాడు. రెండు మీటర్లకు రెండు సెంటీమీటర్లు తక్కువ. గుమ్మం దగ్గర తల వంచే అవసరం మాలో ఎవరికీ రాలేదు, వాడికి రోజూ అదే పని. మొదటి నెల బాగానే మాట్లాడాడు. చలి ముదిరేకొద్దీ మాట తగ్గింది. ల్యాబ్, గది, ల్యాబ్. వంటింట్లోకి అందరూ పడుకున్నాకే వచ్చేవాడు. పలకరిస్తే "మంచిగనే ఉన్న అన్నా" అని తలుపు వేసుకునేవాడు. సెమిస్టర్ పరీక్షల్లో ఒకటి రాయనే లేదు. ఎందుకని అడిగితే హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

మార్చిలో బలవంతంగా మైదానానికి తీసుకెళ్ళాను. కొత్తవాళ్ళకు ప్రాక్టీసు. వాడు బంతిని అడ్డదిడ్డంగా తన్నాడు, ఇద్దరి మీద పడ్డాడు, ఒకసారి గోల్ స్తంభాన్ని గుద్దుకున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరూ అడక్కుండా, నలుగురికీ పప్పుచారు పెట్టాడు. గరిట పట్టుకుని ఆటలో ఎవరెవరు ఎలా తిట్టుకున్నారో అభినయించి చూపించాడు. ఆరోజే అనుకున్నాను, ఈ సీజనంతా వీణ్ణి ఎలాగైనా మైదానానికి రప్పించాలని.

డ్రాఫ్ట్‌కు ముందు వారం వాడు నా లాప్‌టాప్‌లోకి తొంగిచూశాడు.

"అన్నా, లిస్టుల నన్ను యాడ రాస్తున్నవ్?"

"పొడుగువాళ్ళలో. నూట ఎనభై ఎనిమిది దాటితే పొడుగు. అది రూలు."

"ఆ రూలు ఎవలు పెట్టిన్రు?"

"నేనే."

"మరి నువ్వే తీసెయ్యరాదు?"

"అలా కుదరదురా. రూలంటే అందరికీ."

వాడు మంచం మీద కూర్చున్నాడు. కూర్చున్నా నా ఎత్తే ఉంటాడు. "చిన్నప్పటి సంది గిదే అన్నా. ఫోటోల ఎనక నిలవడు. వాలీబాల్ల నెట్టు కాడ నిలవడు అంటరు. పెండ్లిళ్లల్ల లైట్లు కట్టుడుకు స్టూల్ దొర్కకపోతె నన్ను పిలుస్తరు. గీడికొచ్చినంక గూడ గోల్ కాడ నిలవడాల్నా? ఆడ మాట్లాడెటోడు గూడ ఉండడు. నడుమ ఆడెటోళ్లు సూడు, ఒగలనొగలు తిట్టుకుంట, ఒర్లుకుంట ఉర్కుతరు. నాకు గది గావాలె."

"మరి గోల్ దగ్గర వేస్తే?"

"నా రూం నాకుండనే ఉంది." లేచి, తల వంచి, గడప దాటి వెళ్ళిపోయాడు.

ఇంజినీరు బుద్ధి ఎలా పనిచేస్తుందో చూడండి. రూలు మార్చలేను, స్నేహితుణ్ణి వదులుకోలేను. అందుకని జాబితాలో కొత్త గడి ఒకటి పెట్టాను: ఆటగాడి కోరిక. కొత్తవాళ్ళందరికీ మెయిల్ పంపించాను, ఎక్కడ ఆడాలనుకుంటున్నారు అని. చాలా న్యాయమైన ఏర్పాటని మురిసిపోయాను కూడా. జవాబులొచ్చాయి. దాదాపు అందరూ మధ్య అనే రాశారు. ఎందుకు రాయరు? బంతి ఉండేది అక్కడే కదా. ఒకడు మాత్రం "ఎక్కడైనా పరవాలేదు" అన్నాడు. ఇంకొకామె "కార్ పార్కింగ్‌కు దగ్గరగా" అని రాసింది.

ఆ గడిని మొదట చూసింది నీలం జట్టులో ఆడే, మేమందరం అక్కా అని పిలిచే ఆవిడ. తెనాలి దగ్గర ఊరు, కాలేజీలో ఖోఖో ఆడిన మనిషి. ఇప్పుడు నేను చేస్తున్న ఫ్యాక్టరీలోనే ఆవిడ నాకు సీనియర్. లీగ్ మొత్తానికీ ఆవిడే మేటి మిడ్.

"ఏంటయ్యా గుమాస్తా, ఊరంతా మధ్యలోకే వస్తావుంటే గోలు దగ్గర ఎవుళ్ళు నుంచుంటారు? మీ పొడుగోడి కోసం ఈ గడి పెట్టావని చెప్పొచ్చుగా!"

"అలా చెబితే పక్షపాతం అవుతుందక్కా."

"ఇప్పుడేమయింది? ఎవుళ్ళూ చూడరు దీన్ని, ఊరికే నీ ప్రింటర్ ఇంకు దండగ."

ఆవిడ చెప్పినట్టే జరిగింది. డ్రాఫ్ట్ రోజు కోచ్‌లు ఆ గడి చూసి నవ్వుకుని, ఎత్తు గడి మీదికి వెళ్ళిపోయారు. మొదటి ఎంపిక మాస్టారిది. కేకు నములుతూనే మావాడి వైపు వేలు చూపించాడు. గది అంతా చప్పట్లు. మొదటి పిక్ కావడమంటే పెద్ద గౌరవం, మీరు అర్థం చేసుకోవాలి. మావాడు నిలబడి తల ఊపాడు. నా వైపు చూడలేదు.

మొదటి రెండు ఆటలూ వాడు గోల్ ముందు నిలబడ్డాడు. ఎర్ర జట్టు నిండా పొడుగువాళ్ళే కాబట్టి మధ్యలో బంతి సంపాదించే దిక్కు లేదు. బంతి ముందుకు వస్తేగా వాడు అందుకోవడానికి! వాడి పక్కన కాపలాకు నిలబడ్డ జర్మన్ కుర్రాడు ఆట సగంలో చేతులు కట్టుకుని నది మీద పోయే పడవలు చూశాడు. ఇంటికొచ్చేటప్పుడు ట్రామ్‌లో మావాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వంటింట్లో మళ్ళీ అలికిడి లేదు. మాస్టారితో మాట్లాడదామా అనుకున్నాను. కానీ గుమాస్తా కోచ్‌కు సలహాలివ్వకూడదు. అది నేను పెట్టిన రూలు కాదు, నాకంటే ముందునుంచీ ఉన్నదే.

మూడో ఆట నీలం జట్టుతో. జూన్ ఎండ. ఎర్ర జట్టులో ఉన్న ఒకే ఒక మంచి మిడ్ కాట్‌బస్ అనే ఊరి నుంచి రావాలి. రైలు రద్దయి బదులు బస్సు వేశారు. ఆట మొదలయ్యే ముందు అతని సందేశం వచ్చింది: "బస్సు ఏదో అడవిలో ఆగింది. జింక కనిపిస్తోంది. స్టేషన్ కనిపించడం లేదు." మాస్టారు ఎనిమిది మందితోనే దిగాడు. ముందు ముగ్గురు, వెనక ముగ్గురు, మధ్య ఇద్దరే. పొడుగువాళ్ళను గోల్ దగ్గర్నుంచి కదపడం ఆయనకు ప్రాణం మీదికొచ్చినంత పని.

మధ్యలో అక్క ఆ ఇద్దరినీ చుట్టూ తిప్పింది. బంతి అంతా నీలం వాళ్ళదే. అయితే నీలం జట్టు ముందువరుసలో అంతా పొట్టివాళ్ళే. అక్క ఎంత చక్కగా పంపినా, ఎర్ర జట్టు వెనక నిలబడ్డ పొడుగువాళ్ళు చెయ్యెత్తి అందుకునేవాళ్ళు. అందువల్ల విరామానికి స్కోరు పెద్ద తేడా లేదు. ఇద్దరు కోచ్‌లూ తమ లెక్కే సరైనదన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

మావాడు నా బల్ల దగ్గరికి వచ్చాడు. చెమట కూడా పట్టలేదు.

"అన్నా, ఇయ్యాల్టితోని ఐపోయింది. వచ్చే వారం నేను రాను. కోచ్‌కు నువ్వే జెప్పు."

"నీ కోచ్‌కి నువ్వే చెప్పాలి."

"జర్మన్ల నాకు గంత రాదు."

"బేకరీలో బ్రెడ్డు అడుగుతావుగా. అంత వస్తే చాలు."

వాడు సీసా అందుకున్నాడు. నీళ్ళు తాగి వెళ్ళి మళ్ళీ గోల్ ముందు నిలబడ్డాడు. ఆ సీజనంతా వాడు తలుపు వేసుకుని కూర్చోవడం నా కళ్ళముందు కనపడింది. జాబితాలు నింపడం తప్ప ఏమీ చేయలేని ఉద్యోగం కదా నాది అనిపించింది.

ఆటకు నాలుగు పాదాలు; విరామం అయ్యాక మూడోది మొదలైంది. అక్క బంతి పంపించి, గీత దగ్గర ఆగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. గీతకు అవతల నాలుగడుగుల్లో మావాడు.

"ఏం తమ్ముడూ, పొలంలో దిష్టిబొమ్మలాగా అట్టా నుంచున్నావేంది? కాకులేమన్నా వస్తన్నాయా?"

వాడు నది వైపు తిరిగాడు.

"ముగ్గురుండాల్సిన చోట మీవాళ్ళు ఇద్దరేగా ఉంది? నన్ను ఆపేవోడే లేడు, విసుగొస్తంది నాకు. దా, వచ్చి పట్టుకో చూద్దాం! ఇంత పొడుగు కాళ్ళు పెట్టుకుని ఆడమనిషికి భయపడతావా?"

"ఎవలు భయపడ్డరు?" అన్నాడు మావాడు. ఆ రోజు మైదానంలో వాడు పెద్దగా మాట్లాడిన మొదటి మాట అదే. అని గీత దాటాడు.

జెండా నా చేతిలోనే ఉంది. వాడు ముందు ముక్కలో రాసి ఉన్నవాడు. గీత దాటాడు కాబట్టి నేను జెండా ఎత్తాలి. అయితే మధ్యలో ఒక చోటు ఖాళీ కూడా ఉంది; కోచ్ ఒప్పుకుంటే ఆట నడుస్తుండగానే ఆటగాణ్ణి ఆ ఖాళీలోకి మార్చుకోవచ్చు. కోచ్ నోటితో చెప్పాలి, నేను రాసుకోవాలి. రెండూ రూళ్ళే. నేను రెండోది ముందు అడిగాను. నాకు తెలిసిన మర్యాద జర్మన్ అంతా కూడగట్టుకుని మాస్టారి వైపు తిరిగి గట్టిగా అరిచాను: "మీ ఆటగాడు మధ్యలోకి మారుతున్నాడు. నమోదు చేసుకోమంటారా?"

మాస్టారు నన్ను చూశాడు, నా జెండాను చూశాడు, తన మొదటి పిక్‌ను చూశాడు. వద్దంటే బంతి పోతుంది. ఒప్పుకుంటే తన లెక్క పోతుంది. ఆయన మొహంలో ఫిజిక్స్ అంతా కదిలింది.

"రాసుకో!" అన్నాడు చివరికి, పళ్ళు బిగబట్టి.

రాసుకున్నాను. ఆ ఉద్యోగంలో నేను రాసిన వాటన్నిటిలోకీ వంకర అక్షరాలు అవే.

ఆ తర్వాత మావాడు గొప్పగా ఆడాడని చెబితే అబద్ధం. అక్క రెండుసార్లు వాడి చంక కిందినుంచి దూరిపోయింది. వాడు తన్నిన మొదటి బంతి నది ఒడ్డున సైకిల్ తొక్కుతున్న పెద్దాయన ముందు పడింది. ఆయన దిగి, బంతిని తిరిగి విసిరి, మాకు ఉపన్యాసం ఇచ్చి వెళ్ళాడు. వాడు తన జట్టువాడి మీదే పడి, ఇద్దరూ దొర్లారు. కానీ ఆగలేదు. అక్క ఎటు పోతే అటు. ఆ పొడుగు కాళ్ళకు రెండంగల్లో అందేది. నాలుగో పాదం వచ్చేసరికి అక్క తన్నబోయే బంతికి వాడి చెయ్యి అడ్డం పడటం మొదలైంది. ఎర్ర జట్టులో ముగ్గురు వాడి పేరును మూడు రకాలుగా పలుకుతూ అరుస్తున్నారు, ఇటివ్వు, వెనక చూడు, తన్ను అని. అంతవరకూ వాణ్ణి అందరూ 'టవర్' అనేవాళ్ళు.

"ఒరేయ్, నా జడ లాగుతన్నావు!" అని అక్క.

"జడ ఏసుకోకుంట రాకపోతివి!" అని వాడు.

ఒకసారి బంతి చక్కగా దొరికింది. తలెత్తి, ముందుకు, గోల్ ఎదుటికి, చూడముచ్చటగా తన్నాడు. అది దిగాల్సిన చోటు వాడు వదిలేసి వచ్చిన చోటే. అక్కడ ఎవరూ లేరు. బంతి ఒంటరిగా గెంతుకుంటూ బయటికి పోయింది. వాడు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. "ఆడ ఒగడుండద్దా?" అని తెలుగులోనే అరిచాడు.

ఎర్ర జట్టు బాగానే ఓడింది. ఆట అయ్యాక అందరూ గడ్డి మీద కూలబడ్డారు. మాస్టారు మావాడి ముందుకొచ్చి నిలబడ్డాడు. వాడు కూర్చుని ఉన్నాడు కాబట్టి ఇద్దరి కళ్ళూ ఇంచుమించు ఒక ఎత్తులో ఉన్నాయి.

"ముందు నీ చోటులో ఎవరూ లేరు. అందుకే ఓడాం" అన్నాడు మాస్టారు.

మావాడు నా వైపు చూశాడు. నేను జెండా కర్రకు చుట్టుకుంటూ ఉండిపోయాను. అప్పుడు వాడు జర్మన్‌లో చెప్పాడు, బేకరీలో అడిగినట్టు ఒక్కో మాటా ఏరుకుని: "నేను మధ్యలో ఆడతాను. వచ్చే వారం వస్తాను."

"మరి ముందు ఎవరు ఆడతారు?"

దానికి వాడి దగ్గర జర్మన్ లేదు. మాస్టారినే పైనుంచి కిందికి చూశాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. కానీ తర్వాతి శనివారం ఆయన నాకిచ్చిన కాగితంలో, ముందు ముక్కలో, మూడో పేరు ఆయనదే. ఆ బొద్దు మనిషి సీజనంతా గోల్ ముందు నిలబడి, మావాడు తన్నే బంతుల కోసం గెంతాడు. రెండు పట్టుకున్నాడని గుర్తు. ఒకటి పట్టుకున్నప్పుడు మావాడు ఆయన్ను ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకుంటే, దించమని ఆయన జర్మన్‌లో వేడుకున్నాడు.

నీలం జట్టు కోచ్ ఒకరోజు నా బల్ల దగ్గర ఆగింది. "అతను మిడ్ అని నువ్వు ముందే చెప్పి ఉంటే రెండో పిక్‌లో నేను తీసుకునేదాన్ని."

"మాస్టారు ముందే ఎగరేసుకుపోయారుగా. అయినా కోరిక గడిలో రాశాను."

"ఆ గడిలో అందరూ మిడ్‌లే కదయ్యా!"

నిజమే. మరుసటేడు ఆ గడి తీసేశాను. దాని బదులు ప్రాక్టీసు రోజున కొత్తవాళ్ళందరినీ మూడు ముక్కల్లోనూ ఆడించాను. జూనియర్లకు నేను ఇవ్వగల సాంకేతిక సలహా అదొక్కటే. మనుషుల్ని కాగితం మీద అడిగితే అందరూ ఒకటే రాస్తారు.

ఎర్ర జట్టు ఆ ఏడూ ఆఖరునే నిలిచింది. మావాడు ఒక్క ఆట మానలేదు. రాయని పరీక్ష రాశాడు, ఇంకో దాంట్లో తప్పి మళ్ళీ రాశాడు. శనివారం రాత్రుళ్ళు వంటిల్లు మాకు ఖాళీ దొరకడం మానేసింది. సగం ఎర్ర జట్టు అక్కడే ఉండేది, పప్పుచారులో బ్రెడ్డు ముంచుకుంటూ.

గుమాస్తాగా నేను నడిపిన ఆఖరి డ్రాఫ్ట్ మరుసటి ఏప్రిల్‌లో. మళ్ళీ మొదటి ఎంపిక మాస్టారిదే. ఏడాది దెబ్బతో ఆయనలో మార్పు వచ్చింది. మంచి మిడ్‌ను తీసుకుంటానని అందరికీ ముందే చెప్పుకుని వచ్చాడు. ఆయన పక్కన కేకు తింటూ మావాడు. జాబితాలో పేర్లు చూస్తూ చూస్తూ ఒక్కసారి లేచాడు.

"వద్దు వద్దు సార్, పొడుగువాణ్ణి తీసుకోండి" అన్నాడు. అప్పటికి వాడి జర్మన్ బేకరీ దాటి చాలా దూరం వచ్చింది. "నేను తన్నిన బంతి ఎవరైనా అందుకోవాలి కదా!"

మాస్టారు ఫోర్క్ కింద పెట్టేశాడు. "నువ్వా ఈ మాట అంటున్నది?"

"ఒక్క నిమిషం. అడిగి వస్తాను."

గోడ వారగా కొత్తవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళలో ఒక జర్మన్ కుర్రాడు, మొదటి సంవత్సరం, మావాడికంటే వేలెడు పొడుగు. ఎవరూ పలకరించక కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముడుచుకుని ఉన్నాడు. మావాడు వెళ్ళి వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. చాలా సీరియస్‌గా అడిగాడు: "గోల్ దగ్గర నిలబడాలి. ఆటంతా. నీకు ఇష్టమేనా? నిజం చెప్పు, ఇష్టం లేకపోతే ఇంకో చోటు చూద్దాం."

ఆ కుర్రాడు ముడుచుకున్న కాళ్ళు కాస్త చాపాడు.

"పరిగెత్తాల్సిన పని ఉండదా?" అన్నాడు ఆశగా.

మావాడు గొంతుక్కూర్చున్న చోటునుంచే తల వెనక్కి తిప్పాడు. "సార్," అన్నాడు, "వీణ్ణే."